ఉగ్గుగిన్నెలో మూడు రకాల పాలు

మా అమ్మాయి పుట్టిన మూడో రోజుకల్లా నాకొక సంగతి అర్థమైంది. మద్రాసు పట్నంలో నా పాల గురించి గట్టి అభిప్రాయం లేని మనిషిని నేనొక్కదాన్నే. ఆసుపత్రిలో పక్క మంచం బాలింతకు ఉంది, ఆమెను చూడవచ్చిన పినతల్లికి ఉంది, గది తుడవడానికి వచ్చే ఆయాకు ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవాళ్ళు ఊరికే అన్నారా. ఆ ఆయాది రాయపురం. పాలసొర చేప పులుసు మూడు పూటలు తింటే పాలు ధారగా పడతాయని, కావాలంటే హార్బరు నుంచి తానే తెచ్చిపెడతానని చెప్పింది. మా సౌకార్‌పేట ఇంట్లో చేప అన్నమాట పలికినా గడప కడుగుతారు. ఆమెకు దండం పెట్టి ఊరుకున్నాను.

అసలు చిక్కు నా పాలది ఒక్కటే కాదు. బిడ్డ అయిదున్నర పౌన్లు తూగింది. నాలుగు గుక్కలు తాగేసరికి కొండ ఎక్కినదానిలా అలిసిపోయి నిద్రపోయేది. లేపితే ఏడుపు, లేపకపోతే ఆకలి. పైగా నేను రాయపురంలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. రెండు నెలలు నిండేసరికి సెలవు అయిపోతుంది. పంతులమ్మలు పిల్లల్ని కనకూడదని ఏ చట్టంలోనూ లేదు గానీ, కన్నవాళ్ళ వైపు చూసే చూపులో ఉండేది.

ఇంటికి వచ్చాక ఇల్లు రెండు పార్టీలుగా చీలింది. మొదటి పార్టీ మా అత్త. మామగారు పోయి చాలా ఏళ్ళయింది, ఇంటికి ఆవిడే పెద్ద. తల్లి పాలే పాలు అన్నది ఆవిడ సిద్ధాంతం. చాలకపోతే ఆవు పాలలో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టాలి. మా వీధిలో పాలమనిషి ఆవును గడప ముందుకే తోలుకొచ్చి, మన కళ్ళ ముందే పిండి పోసేవాడు. ఆ ఆవు మీద అత్తకున్న నమ్మకం నా మీద ఎన్నడూ లేదు.

రెండో పార్టీ మా ఆయన. హార్బరు దగ్గర ఓడల కంపెనీలో గుమాస్తా. ఏ వస్తువైనా ఓడలో వచ్చిందంటే చాలు, అది మంచిదే అయ్యుంటుందని ఆయన నమ్మకం. ఒక సాయంత్రం పాలపొడి డబ్బా తెచ్చి కూజా పక్కన పెట్టారు. డబ్బా మీద బుగ్గలు పొంగిన ఒక దొరబిడ్డ బొమ్మ. మా బిడ్డను ఆ బొమ్మ పక్కన పడుకోబెట్టి చూస్తే రెండూ ఒకే జాతి అని ఎవరూ అనరు. ఆయన రోజూ భోజనం కాగానే డబ్బా మీది ఇంగ్లీషు సూచనలు పారాయణం చేసేవారు. చెంచా నిండుగా తీయకూడదట, కత్తి అంచుతో చదును చేయాలట. అంత వివరంగా చదివిన మనిషి ఒక్కసారైనా నీళ్ళు కాచిన పాపాన పోలేదు.

"ఆవు కండ్ల ముందర నిలబడి ఇచ్చే పాలు కాదని రేకు డబ్బాలో దుమ్ము తాపుతారంటరా? యాడ పిండినారో, ఎప్పుడు పిండినారో," అనేది అత్త.

"అది సైన్సు అమ్మా," అనేవారు ఆయన.

"సైన్సు నాకు మనవరాల్ని ఇచ్చిందా?"

దానికి ఆయన దగ్గర సూచన లేదు. డబ్బా మీద రాయలేదు.

నేను ఏ పార్టీలోనూ చేరలేదు. పథ్యం అన్నం, వెల్లుల్లి, మునగాకు, బాలింత కాయం, ఏది పెడితే అది మింగుతూ కూచున్నాను. నెలన్నర గడిచేసరికి ఒళ్ళంతా వెల్లుల్లి వాసన తప్ప పెద్ద మార్పు లేదు. చివరికి బడి తెరిచే వారం ముందు బిడ్డను ఎత్తుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తమిళావిడ, అయినా పేషెంట్లను ఎవరి భాషలో వాళ్ళను కోప్పడేది. బిడ్డను తూచి ఎనిమిది పౌన్లు అని రాసుకుంది. తర్వాత నా రోజంతా అడిగి, ఒక కాగితం మీద కాలపట్టిక వేసిచ్చింది.

"బడికి పోయే ముందు నీ పాలు, వచ్చాక నీ పాలు, రాత్రి నీ పాలు. పొద్దున బిడ్డ వదిలేసిన పాలు పారబొయ్యకు. చెయ్యి బాగా కడుక్కుని, కాచిన గిన్నెలోకి పిండి, మూతపెట్టి, నీళ్ళ పళ్ళెంలో పెట్టి పో. పదిన్నరకు అవి పట్టాలి. రెండు గంటలకు డబ్బా పాలు. మూడూ కలిపితేనే బిడ్డకు చాలేది. ఒకటి మానితే కుదరదు, సరియా?"

సరే అన్నాను. ప్రపంచంలో ఇంత సులభమైన సంగతికి రెండు నెలలు యుద్ధం చేశామా అనిపించింది. ఆ కాగితాన్ని మా ఆయన గోడకు, కేలండరు పక్కన, అన్నం మెతుకులతో అంటించారు. డబ్బాకు చోటు దొరికింది కాబట్టి ఆయన గెలిచానని అనుకున్నారు. తల్లి పాలకు పెద్దపీట వేశారు కాబట్టి అత్త గెలిచిందని నేననుకున్నాను. అత్త మాత్రం ఆ కాగితం మొత్తం చదివించుకుని, ఒకే ఒక్క ముక్క అడిగింది.

"పిండి పెడతావా? గిన్నెలోనా?"

"అవునత్తా."

"బిడ్డ ఇంట్లో ఉండంగానా?"

ఇంకెప్పుడు పిండుతారు అన్నాను, కొంచెం వెటకారంగానే. అత్త లోపలికి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నను నేను అక్కడే వదిలేశాను. పంతులమ్మలకు ఆ జబ్బు ఉంది, పిల్లలు అడిగేదాంట్లో అర్థం లేదనుకుంటే ముందుకు వెళ్ళిపోతాం.

అలా బడి మొదలైంది. పొద్దున్నే బిడ్డకు పట్టి, మిగిలినవి వెండి గిన్నెలోకి పిండేదాన్ని. పాలు పిండడం అంటే ఏదో పాలమనిషి విద్య అనుకుంటారు. ఆవుకున్న నిదానం మనిషికి ఉండదు. ఒక వైపు బస్సు వేళ, మరో వైపు వాకిట్లో కసవు ఊడ్చే చప్పుడు. ఇంకో వైపు ఎక్కడో పెట్టిన కళ్ళజోడు కోసం ఆయన వెతుకులాట. అరగంట కూచుంటే గిన్నెలో రెండు మూడు ఉగ్గుగిన్నెల పాలు చేరేవి. అప్పుడు నాకు కలిగే గర్వం, తర్వాత ఎన్ని బహుమతులు తీసుకున్నా కలగలేదు. మూతపెట్టి నీళ్ళ పళ్ళెంలో పెట్టి, అత్తకు చూపించి బయల్దేరేదాన్ని.

మధ్యాహ్నానికి రవిక తడిసేది. మా బడిలో ఏకాంతం అంటే భూగోళం పటాలు పెట్టే గది ఒక్కటే. ఆసియా పటం వెనక నిలబడి రుమాలులోకి పిండుకునేదాన్ని. తలుపు తట్టిన వాళ్ళకు హిమాలయాలు వెతుకుతున్నానని చెప్పేదాన్ని. నా అంత శ్రద్ధగా భూగోళం చదివే పంతులమ్మ ఇంకొకరు లేరని ప్రధానోపాధ్యాయురాలు ఒకసారి మెచ్చుకుంది కూడా.

సాయంత్రం ఇంటికి రాగానే మొదటి మాట, "పొద్దుటి పాలు అయిపోయినాయా అత్తా?"

"అయిపోయినాయమ్మే," అనేది అత్త. గిన్నె తోమి బోర్లించి ఉండేది. డబ్బా మూత తీసి చూస్తే పొడి కూడా తగ్గుతూ ఉండేది. గోడ మీది కాగితం చూసుకుని తృప్తిగా కాళ్ళు కడుక్కునేదాన్ని.

నెల తిరిగాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేనూ అత్తా. బిడ్డను త్రాసులో పడుకోబెట్టారు. ఎనిమిది పౌన్లు. డాక్టరు రాళ్ళు మార్చి మళ్ళీ తూచింది. ఎనిమిదే. ఈ నెలంతా మేం చేసిన హడావుడికి ఒక్క ఔన్సు కూడా ఫలితం లేదు.

"కాగితం ప్రకారం చేస్తున్నారా?"

చేస్తున్నామని ఖచ్చితంగా చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"రెండు వారాలు చూస్తాను. అప్పటికీ పెరగకపోతే బిడ్డను ఇక్కడ చేర్పించాలి. అప్పుడు నువ్వు బడి మానెయ్యాలి."

అత్తా నేనూ రిక్షాలో తిరిగి వచ్చాం. బడి మానెయ్యమని నెల రోజులుగా చుట్టాలందరి చేతా చెప్పించిన మనిషి, సందు దొరికినప్పుడు నోరు మెదపకపోవడం నాకు వింతగా తోచింది. బిడ్డను రెండు చేతులా ఒళ్ళో పొదువుకుని కూచుంది.

ఆ రెండు వారాలు నేను ఎలా ఉన్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గు. నా పాలలో పస లేదని తేల్చుకున్నాను. ఇంకెవరూ తేల్చలేదు, నేనే. గిన్నెను కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే పాలు పలచగా, నీలంగా కనిపించేవి. ఆవు పాలు చూడు ఎంత చిక్కగా ఉంటాయో అనుకుని, వీధిలో ఆవు ఎదురైతే తల దించుకునేదాన్ని. పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో లెక్క తప్పేదాన్ని. కోడి కూయకముందే లేచి ఇంకొంచెం, ఇంకొంచెం అని పిండేదాన్ని. చేతులు తిమ్మిరెక్కేవి. రాజీనామా కాగితం రాసి తెలుగు వాచకంలో పెట్టుకున్నాను. నాకు ఆ ఉద్యోగం ఇష్టం. ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ లేదు, నలభై మంది ఆడపిల్లలు నేను చెప్పేది వింటారు. ఇంట్లో ఆ భాగ్యం లేదు.

పదో రోజో పదకొండో రోజో, కార్తీకం వానలు దంచుతున్నాయి. బడి పెంకుల్లోంచి నీళ్ళు కారి పిల్లల పలకలు తడిసిపోతుంటే, తొలి పిరియడు కాగానే గంట కొట్టేశారు. రిక్షా అతను సగం దూరం తెచ్చి, ఇక చక్రాలు మునుగుతాయని దింపేశాడు. మోకాటి లోతు నీళ్ళలో చీర ఎత్తి పట్టుకుని సౌకార్‌పేట సందులన్నీ దాటి ఇంటికి చేరేసరికి పదీ పావు అయింది. ముందు వాకిలి నీళ్ళలో ఉంది. పెరటి సందు గుండా వచ్చాను.

మా పెరట్లో బావి పక్కన నందివర్ధనం చెట్టు ఉంది. ఏడాది పొడవునా పూస్తుంది. ఆ పూలే మా పూజకు. దాని కింద అత్త గోనెపట్టా తలమీద వేసుకుని వంగి ఉంది. చేతిలో నా వెండి గిన్నె. అంత వానలో చెట్టుకు నీళ్ళు పోస్తోందేమిటి అనుకున్నాను. చూస్తుండగానే గిన్నె వంచింది. పాలు. చెట్టు మొదట్లో మట్టి మీద తెల్లగా ఒక క్షణం నిలిచి, వాన నీళ్ళలో కలిసిపోయాయి.

నెల రోజుల పైన నేను పిండిన పాలు ఎవరు తాగారో అప్పుడు తెలిసింది. ఆ చెట్టు ఆ ఏడు విరగబూసిందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. పూజగదిలో దేవుడు పూలలో మునిగి కనబడేవాడు కాదు. నేను లోపలికి వెళ్ళి తొట్టి దగ్గరున్న ఉగ్గుగిన్నె చూశాను. ఆవు పాలు, నీళ్ళే ఎక్కువ. గిన్నె అడుగున గీసిన గీత పాలలోంచి పైకి కనిపిస్తోంది.

నాకు రావలసినంత కోపం వచ్చింది. నన్ను బడి మాన్పించడానికే ఇదంతా అనుకున్నాను. బిడ్డ కడుపు మాడ్చి నన్ను దారికి తెస్తోందనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించే కోడళ్ళుంటారు, నేను నేరుగా అత్త మీదే చూపించదలచుకున్నాను. ఆవిడ తడి కాళ్ళతో లోపలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?"

"నువ్వు బడికి పోయిన కాడ్నుంచి."

ఆవిడ దాచలేదు. గిన్నెను కింద పెట్టి గోడకు ఆనుకుని కూచుంది.

"పిండిన పాలు యాడ పొయ్యాలో నాకు తెలుసమ్మే. మా అత్త చూపిచ్చింది. నా పెద్దోడు ఇరవై రెండో దినం జొరమొచ్చి పోయినాడు. వాడు పోయినాడు గానీ పాలు పోలా. రొమ్ములు రాళ్ళయిపోయినాయి. మా అత్త నా రెక్క పట్టుకొని ఆ చెట్టు కాడికి తీసకపోయి, ఈడ పిండమ్మే, తొక్కే చోట పడకూడదు, చీమలు ముట్టకూడదు అనింది. పది దినాలు పిండినా. నాకు తెలిసి పాలు పిండేది అందుకే. బిడ్డ ఉండే తల్లి ఎవురన్నా పిండుతాదా? నువ్వు తెల్లారుజామున ఆ గిన్నె పట్టుకొని కూచుంటే నా పానాలు పైనే పోతా ఉండేవి."

"నాతో ఒక్క మాట చెప్పచ్చు గదత్తా."

"ఏమని చెప్పేది? నోటితో అంటే నిజమైపోతాదని భయం." తొట్టి వైపు చూస్తూ అంది. "ఆ పాలు వాడివి. వాడికి పోస్తే తాగి వాడి దోవన వాడు పోతాడు, దీని జోలికి రాడు అనుకొన్నా. బిడ్డ చిక్కిపోయే కొద్దీ వాడికి చాల్లేదేమో అనుకొని, ఒక చుక్క మిగల్చకుండా పోస్తా ఉండాను."

నేను సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒకదానికంటే ఒకటి పదునైనవి. అవేవీ పనికిరాలేదు. ఏడుపొచ్చింది. కోపం పోయిందని మాత్రం చెప్పను, అబద్ధమవుతుంది. అది కూడా పక్కనే కూచుని ఉంది. నేను తెల్లవారకముందు లేచి ఎక్కువెక్కువ పిండుతుంటే ఆవిడ ఎక్కువెక్కువ పోసింది. ఇద్దరం ఒకే బిడ్డను బతికించడానికి పోటీపడి పస్తు పెట్టాం.

తొట్టిలో బిడ్డ లేచి ఏడిచింది. ఎత్తుకుని పట్టాను. అత్త తల తుడుచుకోకుండా అలాగే కూచుని ఉంది. గోనెపట్టా లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అత్తా, వాడి వాటా వాడికి పొయ్యి. నేను వద్దనను. కానీ ఒక్క చెంచా. మిగిలింది దీనికి."

"చెంచా చాలతాదా?"

"చిన్న కడుపు గదత్తా."

 అత్త లేచి, ఉగ్గుగిన్నెలో మిగిలిన ఆవు పాలను తూములో పారబోసి, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. రెండు గంటలకు పట్టాల్సిన డబ్బా పాలు కలపడం నేర్పమంది. డబ్బా మూత తీశాను. అడుగున రెండు చెంచాల పొడి ఉంది.

"నువ్వు వాడుతున్నావా అత్తా?"

"నేను ఆ డబ్బా ముట్టుకోనే లేదమ్మే."

సాయంత్రం ఆయన వచ్చారు. డబ్బాలో పొడి తగ్గిపోయిందేమిటో అని నేను గోడతో అన్నట్టు అన్నాను. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన వెంటనే మీసం తుడుచుకున్నారు. పొడి ఉండ కట్టకుండా ఉందో లేదో రోజూ పరీక్ష చేస్తున్నారట. అంగిలికి అంటుకుని భలే ఉంటుందట. చెంచాను కత్తి అంచుతో చదును చేసే తినేవారా అని అడిగాను. కళ్ళజోడు వెతకడం మొదలెట్టారు. మొత్తానికి డాక్టరు రాసిచ్చిన మూడు రకాల పాలలో పిండినవి చెట్టు తాగింది, డబ్బావి తండ్రి తిన్నాడు. నా కూతురికి నేనింట్లో ఉన్నప్పుడు దొరికిన నాలుగు గుక్కలూ, ఆవు గారి నీళ్ళూ మిగిలాయి.

మర్నాటి నుంచి పొద్దున్నే నేను పిండడం అవగానే అత్త వచ్చి పక్కన నిలబడేది. ఒక్క చెంచా తీసుకుని, ఒలకకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. తిరిగి వచ్చి, మూతపెట్టిన గిన్నెను తానే నీళ్ళ పళ్ళెంలో పెట్టేది. పదిన్నరకు గంట కొట్టినట్టు బిడ్డకు పట్టేది. ఆ ఒళ్ళోనే, ఆ ఉగ్గుగిన్నెతోనే, బిడ్డ గుటక వేసేలా మొహం మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ. కొత్త డబ్బాను బీరువాలో పెట్టి తాళం బొడ్లో దోపుకుంది. రాజీనామా కాగితం వెనక నేను మూడో తరగతి పరీక్షకు ప్రశ్నలు రాసుకున్నాను.

ఇంకో అయిదు వారాలకు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మధ్యలో ఒకసారి చూపించినప్పుడు అర పౌను కదిలింది, అందుకే చేర్పించలేదు. ఈసారి తొమ్మిదిన్నర పౌన్లు. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, అంతా తన కాగితం మహిమే అన్నట్టు చూసింది. 

"ఇప్పుడు చూడు. చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎందుకు పెరగదు? పిండిన పాలు మొత్తం బిడ్డకే పడుతున్నారు గదా?"

"ఒక్క చెంచా తప్ప," అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆ చెంచా ఎవరికి?"

"బిడ్డ పెదనాన్నకి."

డాక్టరు కలం ఆపేసింది. పెద్దవాళ్ళకు తల్లిపాలు కంటి మందుకో చెవి మందుకో వాడే ఇళ్ళు ఆవిడ చాలా చూసి ఉంటుంది. ఇలాంటి పిచ్చి పనులు చేయవద్దని మా ఇద్దరినీ కలిపి కోప్పడింది.

"ఆయన వయసెంత?"

అత్త నా వైపు చూసింది. నేను చెప్పనా అన్నట్టు చూశాను. అత్తే చెప్పింది.

"ఇరవై రెండు దినాలమ్మా."